నాన్నకి పెన్సిలిన్ అలర్జీ, పైగా డయాలిసిస్. డీసెన్సిటైజేషన్‌కి ఒప్పుకోవచ్చా?

టెక్కలి మాస్టారు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నేను టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా నాన్నకి 58 ఏళ్లు. కవిటి దగ్గర మాకు కొంచెం కొబ్బరి, జీడి తోట ఉంది, అంతా ఆయనే చూసుకునేవారు. షుగర్ లేదు, మొదట్లో బీపీ కూడా లేదు. మా వైపు చాలామందికి జరిగినట్టే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే పెరిగేది) మెల్లగా పెరుగుతూ పోయి, చివరికి వారానికి మూడు డయాలిసిస్‌ల దాకా వచ్చింది. డయాలిసిస్ కోసం ఎడమ చేతి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోతే మెడ దగ్గర పర్మ్‌క్యాథ్ అనే డయాలిసిస్ గొట్టం పెట్టారు.

ఈ మధ్య డయాలిసిస్ మొదలైన అరగంటకే వణుకుడు, ఆ వెనకే జ్వరం. సెంటర్‌లో పారాసిటమాల్ ఇచ్చి, రెండు దుప్పట్లు కప్పి పంపించేసేవారు. తగ్గకపోయేసరికి విశాఖ తీసుకొచ్చాం. బ్లడ్ కల్చర్‌లో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా వచ్చింది. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో గుండె కవాటం మీద వెజిటేషన్ (బాక్టీరియా పేరుకున్న గడ్డ) కనిపించిందన్నారు. అంటే ఇన్ఫెక్షన్ వెళ్లి గుండెలో కూర్చుంది. పర్మ్‌క్యాథ్ తీసేసి టెంపరరీ క్యాథెటర్ పెట్టారు. ప్రస్తుతం వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తున్నారు.

మూడేళ్ల కిందట కాలి పుండుకి అమోక్సిసిలిన్ క్లావులనేట్ ఇంజెక్షన్ చేస్తే పది నిమిషాలు కూడా కాకముందే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బిపోయాయి, బీపీ పడిపోయింది. నేను పక్కనే ఉన్నాను. "గాలి ఆడట్లేదురా" అని నా మణికట్టు పట్టుకున్నారు, ఆ తర్వాత మాట లేదు. అడ్రినలిన్ ఇచ్చి బతికించారు. అప్పటినుంచి ఆయన ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెన్సిలిన్ అలర్జీ అని రాసి ఉంటుంది.

ఇప్పుడు డాక్టర్లు ఆంపిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ రెండూ కలిపి ఆరు వారాలు ఇవ్వాలంటున్నారు. ఆంపిసిలిన్ కూడా పెన్సిలిన్ జాతిదే కదా. అందుకని ఐసీయూలో డీసెన్సిటైజేషన్ చేసి, అంటే అతి తక్కువ మందుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఒంటికి అలవాటు చేసి, ఇస్తారట. స్కిన్ టెస్ట్ చేశారు, పాజిటివ్ వచ్చింది. కన్సెంట్ కాగితం నిన్నటినుంచి నా జేబులోనే ఉంది. అమ్మ ఒప్పుకోవట్లేదు. "ఏ మందు ఆయన ప్రాణాల మీదకి తెచ్చిందో ఆ మందే తెలిసి తెలిసి ఎక్కిస్తామంటే నన్నెలాగ సంతకం పెట్టమంటావు?" అంటోంది. ఆవిడకి నేను జవాబు చెప్పలేకపోతున్నాను.

వాంకోమైసిన్‌తోనే సరిపెట్టకూడదా? కిడ్నీలు పనిచేయని మనిషికి ఇలాంటి ప్రయోగం ఇంకా ప్రమాదం కాదా? చేశాక ఈ అలర్జీ శాశ్వతంగా పోతుందా? దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

---

గుంటూరు నెఫ్రాలజీ

మాస్టారూ, నేను నెఫ్రాలజిస్టుని. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి నిర్ణయం అక్కడి డాక్టర్లదే. కానీ వాళ్లు చెప్పినదాని వెనక కారణం చెప్పగలను.

పెన్సిలిన్ అలర్జీ అని ఫైలులో రాసి ఉన్నవాళ్లని సరిగ్గా పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా అసలు అలర్జీ ఉండదు. చిన్నప్పుడు ఏదో దద్దురు వచ్చిందనో, టెస్ట్ డోస్ వేసినచోట ఎర్రబడిందనో రాసేస్తారు. నిజమైన అలర్జీ ఉన్నవాళ్లలోనూ పదేళ్లు ఆ మందు జోలికి పోకుండా ఉంటే ఎక్కువమందికి తగ్గిపోతుంది. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న "నిజంగా అలర్జీయేనా?" అని. మీ నాన్నగారి విషయంలో ఆ అనుమానం పెట్టుకోనక్కర్లేదు. నిమిషాల్లో దద్దుర్లు, పెదాల వాపు, బీపీ పడిపోవడం, అడ్రినలిన్ అవసరం కావడం, అదీ మూడేళ్ల కిందటే. ఇది అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకి తెచ్చే అలర్జీ.

ఇక వాంకోమైసిన్. ఎంటెరోకాకస్ గుండె కవాటం మీద కూర్చున్నప్పుడు వాంకోమైసిన్ దాని ఎదుగుదలని ఆపుతుందే తప్ప ఒంటరిగా చంపలేదు. చంపాలంటే పక్కన జెంటామైసిన్ కలపాలి. డయాలిసిస్ మీదున్న మనిషికి జెంటామైసిన్ వారాల తరబడి ఇస్తే చెవి లోపలి భాగం దెబ్బతినొచ్చు. వినికిడి పోవచ్చు, నడుస్తుంటే తూలిపోవడం మొదలవచ్చు, అవి తిరిగి రావు. రోజుకి కొంచెమైనా మూత్రం వస్తుంటే ఆ మిగిలిన కాస్తా పోవచ్చు. లైన్‌జోలిడ్ అనే ఇంకో యాంటీబయాటిక్ అంటారా, ఆరు వారాలు ఇస్తే ప్లేట్‌లెట్లు పడిపోయే భయం, కిడ్నీ రోగుల్లో అది ఇంకా ఎక్కువ.

ఆంపిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ జోడీకి ఆ ఇబ్బందులు లేవు. సెఫ్ట్రియాక్సోన్ ఒక్కటే ఇస్తే ఎంటెరోకాకస్‌కి ఏమీ కాదు, కానీ ఆంపిసిలిన్‌తో కలిస్తే రెండూ బాక్టీరియా గోడ కట్టుకునే వేర్వేరు ప్రోటీన్లని ఒకేసారి అడ్డుకుంటాయి. చెవికి హాని లేదు. సెఫ్ట్రియాక్సోన్ కొంత పిత్తం ద్వారా కూడా బయటికి పోతుంది కాబట్టి డయాలిసిస్ వాళ్లకి డోస్ తగ్గించే పని కూడా లేదు. పెన్సిలిన్ పడనివాళ్లకి సెఫ్ట్రియాక్సోన్ పడదేమో అనే భయం పాతది. రెండింటి అణువుల్లో అలర్జీకి ముఖ్యంగా కారణమయ్యే పక్క భాగాలు (సైడ్ చెయిన్లు) వేరు, అందుకే దాన్ని జాగ్రత్తగా ఇవ్వగలరు. చిక్కంతా ఆంపిసిలిన్ దగ్గరే.

రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఆయన మెటోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడుతున్నారా? అవి ఒంట్లో ఉంటే రియాక్షన్ వచ్చినప్పుడు అడ్రినలిన్ సరిగ్గా పనిచేయదు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు ఉన్నా చెప్పాలి. ఆపాలా, ఎప్పుడు ఆపాలి అనేది గుండె డాక్టర్‌తో కలిసి వాళ్లే తేలుస్తారు, మీరు మాత్రం సొంతంగా ఆపకండి. రెండోది, ఆ మూడేళ్ల కిందటి రియాక్షన్‌లో చర్మం పొక్కులెక్కి ఊడిపోవడం, నోట్లో పుళ్లు, లివర్ దెబ్బతినడం లాంటివి ఏమైనా ఉన్నాయా? అలాంటివాళ్లకి డీసెన్సిటైజేషన్ చేయకూడదు. మీరు రాసినదాంట్లో అవి లేవు, అయినా డాక్టర్‌కి మీ నోటితో చెప్పండి.

---

డయాలిసిస్ సిస్టర్

మాస్టారూ, డాక్టర్‌గారు ఎందుకో చెప్పారు, నేను ఎలాగో చెబుతాను. విశాఖలోనే చాలాకాలం నెఫ్రాలజీ వార్డులోనూ, ఐసీయూలోనూ పనిచేశాను. ఇలాంటివి పక్కన నిలబడి చేయించాను.

అమ్మగారి ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఆవిడతో ఇలా చెప్పండి. అప్పుడు మందు మొత్తం ఒక్కసారిగా రక్తంలోకి వెళ్లింది. ఇప్పుడు మొదటి విడతలో వెళ్లేది దానిలో 50,000వ వంతు. 2 గ్రాముల డోస్ ఇవ్వాలనుకోండి. మూడు సెలైన్ బ్యాగులు తయారుచేస్తారు. మూడోదాంట్లో పూర్తి మందు, రెండోదాంట్లో దానికి పదో వంతు, మొదటిదాంట్లో నూరో వంతు. మొదటి బ్యాగ్‌ని ఇన్ఫ్యూజన్ పంపు మీద గంటకి 2 మిల్లీలీటర్ల చొప్పున పెడతారు. పావుగంటలో లోపలికి వెళ్లేది అర మిల్లీలీటరు, అందులో మందు 0.04 మిల్లీగ్రాములు. ఆ పావుగంటా చూసి, బీపీ, నాడి, ఆక్సిజన్, చర్మం అన్నీ బాగుంటే తర్వాతి మెట్టులో వెళ్లే మందు సుమారు రెట్టింపు. అలా మొత్తం 12 మెట్లు. ఆఖరి మెట్టులో మూడో బ్యాగ్‌లో మిగిలినదంతా గంటకి 80 మిల్లీలీటర్ల చొప్పున వెళుతుంది, దానికే దాదాపు మూడు గంటలు. అంతా సాఫీగా సాగితే సుమారు 5 గంటల 40 నిమిషాలు. మెట్ల సంఖ్య, డోస్ ఒక్కో చోట కొంచెం మారొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

అలా మెల్లగా పెంచుతూ పోతే, అలర్జీ పుట్టించే మాస్ట్ కణాలకి ఒక్క విడతలోనూ రెచ్చిపోయేంత మందు తగలదు. చివరికి పూర్తి డోస్ వచ్చేసరికి అవి ఆ మందుకి స్పందించడం మానేసి ఉంటాయి. మందు రక్తంలో ఉన్నంతకాలమే ఆ స్థితి. మీ చివరి ప్రశ్నకి జవాబు ఇదే: అలర్జీ శాశ్వతంగా పోదు. కోర్సు అయిపోయి మందు ఒంట్లోంచి వెళ్లిపోయాక మళ్లీ మామూలే. ఆ ఎర్ర రాత అట్ట మీద అలాగే ఉండాలి.

ఇక కిడ్నీ రోగి కాబట్టి అదనంగా చూసేవి కొన్ని ఉన్నాయి. వీటిని వార్డులో మర్చిపోవడం నేను చూశాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందురోజు డయాలిసిస్ అయిపోయి ఉండాలి. పొటాషియం, ఒంట్లో నీరు రెండూ అదుపులో ఉన్న మనిషికి ఏదైనా జరిగినా తట్టుకునే శక్తి ఉంటుంది. ఆ మూడు బ్యాగులూ చూసి అమ్మగారు కంగారు పడొచ్చు, రోజుకి లీటరు నీళ్లు కూడా తాగనివ్వని మనిషికి ఇంత సెలైనా అని. మొదటి రెండు బ్యాగుల్లో వాడేది కొద్దిగానే, మిగతాది పారేస్తారు. అన్నీ కలిపి ఒంట్లోకి వెళ్లేది 280 మిల్లీలీటర్ల లోపే. దాన్ని ఆ రోజు తాగే నీళ్ల లెక్కలో కలిపేయమనండి. ఆంపిసిలిన్ డెక్స్‌ట్రోజ్‌లో త్వరగా పాడవుతుంది, అందుకే నార్మల్ సెలైన్‌లోనే కలుపుతారు.

సూది ఎక్కడ పెడుతున్నారో చూడండి. ఎడమ చేతి ఫిస్టులా మూసుకుపోయిందన్నారు, అంటే రేపు కుడి చేతికి వేయాలి. కుడి ముంజేతి నరాల్లో క్యాన్యులాలు పొడిచి పాడుచేస్తే ఆ అవకాశం పోతుంది. చేతి వెనక వైపు, వేళ్ల దగ్గర నరం చూడమని గట్టిగా అడగండి. ఆరు వారాల మందు కదా అని పిక్ లైన్ (చేతి నరంలోంచి గుండె దాకా వెళ్లే పొడవాటి సన్న గొట్టం) పెడదామంటే ముందు నెఫ్రాలజిస్టుని అడగకుండా ఒప్పుకోకండి, అదీ ఇదే కారణానికి. డయాలిసిస్ క్యాథెటర్‌లోంచి వార్డులో మందులు ఎక్కించనివ్వొద్దు. మొదటి ఇన్ఫెక్షన్ వచ్చిందే అలాంటి గొట్టంలోంచి.

దురద గురించి. డయాలిసిస్ వాళ్లలో చాలామందికి మామూలుగానే ఒళ్లు దురద, గోకి గోకి వీపు మీద చారలుంటాయి. పంపు మొదలుపెట్టకముందే నేను దుప్పటి తీసి వీపు, పొట్ట, తొడలు అన్నీ చూస్తాను. పాత మచ్చలు ఉన్నచోట బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీసి పెడతాను. మధ్యలో "సిస్టర్, దురదేస్తోంది" అన్నప్పుడు గీతకి బయట కొత్తది వచ్చిందా లేదా అని ఒక్క చూపులో తెలుస్తుంది. లేకపోతే ప్రతి దురదకీ పంపు ఆపుకుంటూ కూర్చోవాలి, లేదా నిజమైన దద్దురుని పాతదే అనుకుని వదిలేయాలి. రెండూ ప్రమాదమే. మీ నాన్నగారి ఒంటి మీద పాత మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే ముందు చూపించండి. దురదకి రోజూ మాత్ర వేసుకుంటుంటే అది కూడా చెప్పండి.

మధ్యలో రియాక్షన్ వస్తే? కొంచెం దురద, ఎర్రబడటం లాంటివి వస్తుంటాయి. పంపు ఆపి, మందిచ్చి, తగ్గాక ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతారు. పెద్దది వస్తే తొడ కండలోకి అడ్రినలిన్ అర మిల్లీగ్రాము. కిడ్నీ పోయిందని ఆ డోస్ తగ్గించరు. బీపీ పడిపోతే సెలైన్ కూడా వెంటనే ఎక్కిస్తారు, నీరు ఎక్కువైతే తర్వాత డయాలిసిస్‌లో తీస్తారు. మంచం పక్కన అడ్రినలిన్ సిరంజిలోకి లాగి పేరు రాసి పెట్టి ఉందా అని మీరు అడగొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు.

మీ భయమంతా ఆ ఆరు గంటల మీదే ఉంది. ఆ ఆరు గంటలూ మంచం పక్కన డాక్టర్, నర్సు, మానిటర్ అన్నీ ఉంటాయి. నాకు భయం వేసేది వార్డుకి మార్చాక. ఒక్క డోస్ కూడా ఎగిరిపోకుండా ఆరు వారాలు నడవాలి. ఆంపిసిలిన్ మామూలు మనిషి రక్తంలో గంట, గంటన్నరకి సగం అవుతుంది. కిడ్నీలు లేనివాళ్లకి ఏడెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. కానీ డయాలిసిస్ మిషన్ ఈ మందుని కూడా లాగేస్తుంది. డయాలిసిస్ రోజు డోస్ ముందే ఇచ్చేసి పంపితే అందులో చాలా భాగం మిషన్‌లోకే పోతుంది. ఆలస్యంగా పంపి, ఆలస్యంగా తిరిగొచ్చి, డ్యూటీ మారి, ఆ సిస్టర్ ఇచ్చి ఉంటుందని ఈ సిస్టర్ అనుకుంటే గ్యాప్ వచ్చేస్తుంది. గ్యాప్ ఎక్కువైతే ఆ తర్వాతి డోస్ మామూలుగా ఎక్కించడం అంటే మూడేళ్ల కిందటి ఇంజెక్షన్ మళ్లీ చేసినట్టే. మొత్తం 12 మెట్లూ మళ్లీ మొదటినుంచి చేయాలి.

అందుకని డాక్టర్ చేత కేస్ షీట్‌లో మూడు ముక్కలు రాయించండి: డయాలిసిస్ రోజు డోస్ డయాలిసిస్ అయ్యాకే ఇవ్వాలి, ఎన్ని గంటలు దాటితే మళ్లీ డీసెన్సిటైజేషన్ చేయాలి, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం జిరాక్స్ తీయించి మంచం చివర ఒకటి, డయాలిసిస్ యూనిట్‌లో ఒకటి పెట్టండి.

---

కరీంనగర్ నుంచి

సిస్టర్‌గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. మాస్టారు గారికి ధైర్యం చెప్పడానికి రాస్తున్న. మా ఆయనది కూడా డయాలిసిసే. ఆయనకు వాంకోమైసిన్ అలర్జీ అని మొదటి ఆసుపత్రిలో రాసిచ్చిన్రు. ఎక్కిస్తుంటే ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా అయి ఒకటే దురద. తర్వాత ఇంకో చోట పెద్ద డాక్టర్ విషయం మొత్తం విని, ఎంతసేపట్ల ఎక్కించిన్రని అడిగిండు. అరగంటల అయిపోయిందని చెప్పిన. అది అలర్జీ కాదమ్మా, తొందరగా ఎక్కిస్తే ఎవరికైనా అట్లనే అయితదన్నడు. మెల్లగ, రెండు గంటలు పెట్టి ఎక్కిస్తే ఏం కాలేదు.

ఇంకోసారి డయాలిసిస్ మీద ఉండంగనే ఆయాసం వస్తే యాంటీబయాటిక్ పడలేదన్నరు. అదే టైముల ఐరన్ ఇంజెక్షన్ కూడా ఇచ్చిన్రు, డయలైజర్ (మిషన్ల రక్తం వడపోసే ఫిల్టర్) కూడా కొత్తది పెట్టిన్రు. ఏది పడలేదో ఇప్పటికీ తెల్వదు. మీ నాన్నగారికి ఏ రోజు ఏమేం ఇస్తున్నరో టైముతో సహా ఒక నోట్‌బుక్కుల రాసుకోండి. నేను రాస్తున్న. రియాక్షన్ వచ్చినప్పుడు డాక్టర్లు ముందు అడిగేది అదే.

---

డల్లాస్ ఫార్మసిస్ట్

నేను ఇక్కడ ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుని, మాది రాజమండ్రి. మాస్టారి అమ్మగారు ఇది ఏదో కొత్త ప్రయోగం అనుకుంటున్నారేమో, కాదు. ఇదే ఊళ్లో పార్క్‌లాండ్ ఆసుపత్రిలో సిఫిలిస్ ఉన్న గర్భిణులకి, పెన్సిలిన్ అలర్జీ ఉన్నా సరే, నోటి ద్వారా మెల్లగా పెంచుతూ పెన్సిలిన్ ఇచ్చిన వివరాలు 1985లోనే వైద్య పత్రికలో వచ్చాయి. కడుపులో బిడ్డని కాపాడటానికి పెన్సిలిన్‌కి సాటి మందు లేదు కాబట్టి ఆ తల్లులకి అలా చేశారు. ఇప్పటికీ చేస్తున్నారు.

సిస్టర్‌గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. కిడ్నీలు లేనివాళ్లలో ఆంపిసిలిన్ పేరుకుపోతే మెదడు మీద ప్రభావం చూపిస్తుంది. పొంతన లేని మాటలు, పగలంతా మత్తు, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు ఎగరడం, ఒక్కోసారి ఫిట్స్. ఇది అలర్జీ కాదు, డోస్ ఎక్కువైన లక్షణం. గుండె ఇన్ఫెక్షన్‌కి డోస్ బాగానే ఇవ్వాలి, కిడ్నీకి తగ్గట్టు తగ్గించాలి, ఆ రెంటి మధ్య సరిచూసుకుంటూ పోవాలి. కొడుకుగా మీకే ముందు తెలుస్తుంది, నాన్న మాట తేడాగా ఉందని. అలా అనిపించిన రోజే చెప్పండి. మరొక విషయం, అనఫిలాక్సిస్ అనుమానం వచ్చినప్పుడు ట్రిప్టేజ్ అనే రక్త పరీక్ష పంపుతారు. కిడ్నీ రోగుల్లో అది మామూలుగానే ఎక్కువగా ఉంటుంది. డీసెన్సిటైజేషన్‌కి ముందే ఒక శాంపిల్ తీసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది. కుదిరితే అడగండి.

---

టెక్కలి మాస్టారు

కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సిస్టర్‌గారు రాసింది ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని అమ్మకి చదివి వినిపించాను. 50,000వ వంతు దగ్గర ఆపి మళ్లీ చదవమంది. జెంటామైసిన్‌తో చెవులు పోతాయన్న మాట దగ్గర ఇంకోసారి ఆపింది. "ఆయనకి రేడియో వినకపోతే పొద్దు గడవదు" అంది. తర్వాత డాక్టర్‌ని పిలిపించి ఆవిడే నేరుగా నాలుగు ప్రశ్నలు అడిగి సంతకం పెట్టింది.

ముందురోజు డయాలిసిస్ చేశారు. మెటోప్రొలాల్ సంగతి నేను అడిగేసరికి గుండె డాక్టర్‌తో మాట్లాడి అప్పటికే ఆపించామన్నారు. వీపు మీద గోకుడు మచ్చలు నేనే చూపించాను, అక్కడి సిస్టర్ పెన్నుతో గీతలు గీసుకుంది. రెండో బ్యాగ్ చివర్లో మెడ మీద ఎర్రగా లేచింది, గీతకి బయట. పంపు ఆపి అలర్జీ తగ్గించే ఎవిల్ ఇచ్చారు. తగ్గాక ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏమీ రాలేదు. రాత్రికి పూర్తి డోస్ వెళ్లిపోయింది.

ఇప్పుడు వార్డులో ఉన్నారు. జ్వరం తగ్గింది, తర్వాత తీసిన కల్చర్‌లో బాక్టీరియా రాలేదు. మీరన్న కాగితం రాయించి రెండు చోట్లా పెట్టాను, అది పనికొచ్చింది. ఒక డయాలిసిస్ రోజు ఉదయం పది గంటల డోస్ తీసుకుని సిస్టర్ వచ్చేసరికి స్ట్రెచర్ బాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఇచ్చేసి పంపబోయింది. కాగితం చూపించాను. చదివి, యూనిట్‌కి ఫోన్ చేసి, ఆయన్ని ముందు షిఫ్టులో మిషన్ మీద పెట్టించి, తిరిగి రాగానే ఇచ్చింది. అప్పటినుంచి డయాలిసిస్ రోజుల్లో టైములే మార్చేశారు.

ఇంకొక సందేహం. ఇంకా చాలా రోజుల మందు మిగిలుంది. ఇక్కడ ఖర్చులు, నాకు సెలవులు రెండూ కష్టంగా ఉన్నాయి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కదా, అక్కడికి మార్పించుకుని మిగతా కోర్సు అక్కడే చేయించుకోవచ్చా? ఇంటికి దగ్గర, అమ్మ రోజూ వచ్చి వెళ్లొచ్చు.

---

డయాలిసిస్ సిస్టర్

చాలా సంతోషం మాస్టారూ. అమ్మగారు డాక్టర్‌ని నేరుగా అడిగారంటే ఇంకా సంతోషం.

మార్చడం గురించి. ఏ ఆసుపత్రి అయినా సరే, మీరు బయలుదేరకముందు ఇక్కడి డాక్టర్ అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాలి. లెటర్ ఒక్కటి చేతికిచ్చి పంపితే సరిపోదు. రాత్రి డోస్ ఎవరిస్తారు? ఆంపిసిలిన్ ఇంజెక్షన్ వాళ్ల దగ్గర రోజూ ఉంటుందా, లేక మీరు బయట కొనాలా? బయట కొనాలంటే ఆదివారం, పండగ రోజుల సంగతి ఏంటి? గ్యాప్ వస్తే మళ్లీ 12 మెట్లు చేయడానికి అక్కడ ఐసీయూ మంచం, చేసే మనుషులు ఉన్నారా? గుండె డాక్టర్ మధ్యలో ఎకో చేయాలంటే అక్కడే అవుతుందా, మళ్లీ విశాఖ రావాలా? వీటన్నిటికీ ఉంది, అవుతుంది అని జవాబు వస్తే నిశ్చింతగా వెళ్లండి. ఒక్కదానికైనా చూద్దాం అన్నారంటే కోర్సు అయ్యేదాకా ఇక్కడే ఉండటం మంచిది. ఖర్చు విషయం ఆసుపత్రిలో ఉండే వైద్య సేవ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) వాళ్లతో మాట్లాడండి, కిడ్నీది ఒకటే కాకుండా గుండె ఇన్ఫెక్షన్ కూడా ఏ ప్యాకేజీలో వస్తుందో వాళ్లు చెబుతారు.

వెళ్లాల్సి వస్తే డోస్ అయిన వెంటనే బయలుదేరండి. దారిలో ఎంత ఆలస్యమైనా తర్వాతి డోస్ టైముకి చేరిపోవాలి. ఒక డోస్‌కి సరిపడా వయల్స్, సెలైన్ మీ సంచిలో పెట్టుకోండి. చేరాక స్టోర్ తెరిచేదాకా ఆగే పని ఉండదు. దారిలో మాత్రం ఎవరి చేతా ఎక్కించొద్దు, అంబులెన్స్ అయినా సరే.

డిశ్చార్జ్ రోజున సమ్మరీలో అలర్జీ అనే గడి ముందు చూడండి. డీసెన్సిటైజేషన్ చేసి ఆరు వారాలు ఇచ్చాం కదా అని అలర్జీ లేదు అని రాసేస్తారు, నేను చూశాను. అలా రాసి ఉంటే అక్కడే మార్పించి, ఈ వాక్యాలు చేర్పించండి: "పెన్సిలిన్‌కి అనఫిలాక్సిస్ ఉంది. ఆంపిసిలిన్‌ని డీసెన్సిటైజేషన్ చేసి ఇచ్చాం, కోర్సు ముగిసింది. మళ్లీ ఇవ్వాల్సి వస్తే డీసెన్సిటైజేషన్ తప్పనిసరి. సెఫ్ట్రియాక్సోన్ ఇబ్బంది లేకుండా పడింది." ఆ చివరి వాక్యం మర్చిపోనివ్వకండి. రేపెప్పుడైనా అర్ధరాత్రి జ్వరంతో వెళ్తే, ఏది ఇవ్వొచ్చో డ్యూటీ డాక్టర్‌కి తెలిసేది దాన్నిబట్టే. దీన్నే చిన్న కార్డు మీద రాయించి, లామినేట్ చేయించి, ఆయన జేబులో ఒకటి, మీ డయాలిసిస్ సెంటర్ ఫైలులో ఒకటి పెట్టండి.